మూడు చుక్కల గుర్తు

మా కమ్మరి మావ పోయేడన్న కబురు, మా మనవరాల్ని ఉయ్యాల్లో వేసిన రోజునే అందింది. ఇరవై ఒకటో రోజు. ఇంటి నిండా చుట్టాలు. వీధిలో షామియానా, లోపల ఆడాళ్ళ పాటలు, పెరట్లో గాడిపొయ్యి మీద ఎసరు మరుగుతోంది. నా కాలు నేల మీద నిలవడం లేదు. అరవై దాటిన మనిషిని, పొద్దున్నుంచీ కనబడినోళ్ళందరికీ "మనవరాలండీ, మా పెద్దోడి కూతురండీ" అని చెప్పిందే చెప్తున్నాను. వీధిలో కూరలమ్ముకునే ఆవిడ్ని ఆపి మరీ చెప్పేను. అంత సంతోషం! ఏమని రాయను, ఆ ముక్క రాయడానికి నా ఐదో తరగతి చదువు చాలదు.

అలాంటి వేళప్పుడు గేటు అవతల ఎండలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చంకలో గోనెపట్టా చుట్టిన మూట. చూస్తే మావ అల్లుడు, గోపాలపట్నంలో ఉంటాడు.

"అక్కడే నిలబడిపోయేవేటి బావా, లోపలికి రా" అన్నాను.

"మైలోణ్ణి. రాకూడదు" అన్నాడు. "మావ పోయి నాలుగ్రోజులయ్యింది. సుబం జరిగే ఇంటికి ఈ కబురు ఇయ్యాల తేకూడదనే అనుకున్నాం. కానీ ఇది మాత్రం ఉయ్యాల్లో ఏసే రోజునే అందాలని నా సేత ఒట్టు ఏయించుకున్నాడు ముసలాడు."

మూట నా చేతికివ్వలేదు. వంగి గేటు ముందు నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసేడు. అది మావ అలవాటు. కొలిమి దగ్గర ఏ సామానూ చేతిలోంచి చేతికి ఇచ్చేవాడు కాడు. నేల మీద పెట్టేవాడు, మనం వంగి తీసుకోవాలి. "నా సేతిలోంచి నీ సేతికొస్తే అది మన ఇద్దరి మజ్జికీ ఒచ్చినట్టు. బూమ్మీంచి తీసుకుంటే దాని పని బూమ్మీదే" అనేవాడు.

మూట చూడగానే అందులో ఏముందో నాకు తెలిసిపోయింది. లోపల పాట ఆగలేదు. నా కాళ్ళు మాత్రం నేల మీదికి వచ్చేయి.

ఆ మూట సంగతి మీకు తెలియాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. ఇప్పుడు ఆ ఊరు లేదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం తీసుకున్న భూముల్లో మా ఊరూ పోయింది, గెడ్డ అవతలున్న ఊరూ పోయింది. గెడ్డంటే మా వైపు వాగుకి పేరు. ఆ రెండూళ్ళకీ కలిపి ఒకటే కొలిమి, ఒకడే కమ్మరి. మాకంటే కులం వేరైనా నాకు మావే, నా పిల్లలకి తాతే. నాగలి కర్రు దగ్గర్నుంచి తలుపు గొళ్ళెం దాకా ఆయన చెయ్యి పడని ఇనుము ఆ రెండూళ్ళలో లేదు. పంట కోసేక కళ్ళంలో ఆయన వాటా గింజలు ఆయనకి కొలిచి పెట్టేవాళ్ళం. అంతే లెక్క.

ఆయన చేసిన ప్రతి సామాను మెడ మీదా, అంటే ఇనుము పిడిలోకి దిగే చోట, ఇంటి గుర్తు ఉండేది. మా ఇంటిది రెండు గాట్లూ ఒక చుక్కా. మా పక్కింటోళ్ళది చంద్రవంక. కోతల్లో యాభై కొడవళ్ళు ఒక్కచోట పడేస్తే ఎవరిది వాళ్ళు బొటనవేలితో మెడ తడిమి తీసుకునేవాళ్ళం. కళ్ళతో చూడక్కర్లేదు. మా ఊరోళ్ళకి అది చెయ్యి చేసే పని, మనసుతో పని లేదు. కొడవలి పట్టుకుంటే వేలు దానంతటదే మెడ మీదికి పోతుంది. ఇప్పటికీ నేను బజార్లో కత్తి కొంటే వేలితో మెడ తడుముతాను. అక్కడేమీ ఉండదు.

మావవి మాత్రం, అంటే ఆయన సొంత సుత్తీ పట్టకారూ, వాటి మీద మూడు చుక్కలు. పొయ్యి రాళ్ళలాగ.

ఇంకో అలవాటు. సాయంత్రం పని కట్టేసేముందు, దాకలి మీద, అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మ మీద, ఏమీ పెట్టకుండా ఒక్క దెబ్బ ఉత్తినే కొట్టేవాడు. టంగుమని ఊరంతా వినబడేది. ఆ చప్పుడు విని మా ఆవిడ పొయ్యి అంటించేది. "ఎందుకు మావా ఆ ఉత్త దెబ్బ?" అనడిగితే, "ఇనుమికి సెప్పాలిరా, ఇంక సాలు పడుకో అని. సెప్పకపోతే అది రాత్రంతా పని కోసం సూస్తాది" అనేవాడు. నవ్వేవాళ్ళం.

నవ్వనిది ఒకటుండేది ఆ పాకలో. కొలిమి వెనక గోడకి, చూరు కింద, నాలుగు ఆయుధాలు. ఆయన తాత నాటివి. ఒకటి కొడవలి, వంపంతా సాగదీసి నిటారుగా చేసి వెదురుకర్రకి బిగించినది. ఒకటి నాగలి కర్రు, సన్నగా సాగగొట్టి బల్లెం చేసినది. ఒకటి చెరుకు నరికే కత్తి, దాని పిడి మనిషెత్తు. నాలుగోది కళ్ళంలో గడ్డి తిరగేసే పంగలకర్ర, రెండు కొసలకీ ఇనప ములుకులు తొడిగినది. సగం పనిముట్టు, సగం ఇంకోటి. చూస్తే మనకి తెలిసిన మనిషి మొహం తెలియని మనిషి మెడ మీద ఉన్నట్టు ఉండేవి. అన్నిటి మొనలూ గోడ వైపుకే తిప్పి ఉండేవి. దసరాకి సుత్తికీ, దాకలికీ, ఆఖరికి నీళ్ళ తొట్టికీ కూడా బొట్టు పెట్టేవాడు గానీ వీటికి పెట్టేవాడు కాడు. ఆముదం గుడ్డతో తుడిచి మళ్ళీ గోడవైపు తిప్పేసేవాడు.

వాటి కథ ఒక్కసారే చెప్పేడు నాకు. ముందెప్పుడో గింజలు లాక్కుపోవడానికి దివాణం మనుషులు వస్తన్నారని, రైతులు ఉన్న సామానంతా తెచ్చి కొలిమి ముందు పోసేరట. ఒక్క పూటలో కొడవళ్ళు బల్లేలయ్యేయి. వాటిని చూసి వచ్చినోళ్ళు వెనక్కి తిరిగేరు. బాగానే ఉంది. కానీ ఆ సామాను మళ్ళీ పొలానికి పోలేదు. సాగదీసింది సాగదీసినట్టే ఇళ్ళల్లో ఉండిపోయింది. "పని లేని సామాను పని ఎతుక్కుంటాదిరా" అన్నాడు మావ. రెండేళ్ళ తరవాత గట్టు తగువులో ఒకడు, సాగదీసిన కొడవలితో పొడవబోయే ముందు, దాన్ని తెచ్చి మావ తాతకిచ్చి మెడ మీద గుర్తు తీసెయ్యమన్నాడట. ఎందుకని అడక్కుండా ఆయన ఆకురాయితో గీసి తీసేసేడు. మర్నాడు పొలంలో ఒక శవం, పక్కన గుర్తు లేని ఆయుధం. ఎవరిదో ఊరికి తెలియలేదు, తెలిసిన తాత చెప్పలేదు. తెలియకపోతే ఎవరినో ఒకర్ని పట్టుకెళ్ళాలి కదా. పట్టుకెళ్ళింది, ఆ పని చెయ్యని మనిషిని. ఆయన మళ్ళీ ఊరికి రాలేదు.

"ఆ గోడమీదున్న మొదటిది అదే, తాతే అడిగి తెచ్చుకున్నాడు. మెడ తడిమి సూడు" అన్నాడు. నేను తడిమేను. నున్నగా ఉంది. బొటనవేలు అక్కడ ఏమీ దొరక్క జారిపోయింది.

ఆ తరవాత చాలా ఏళ్ళకి మా వంతొచ్చింది.

గెడ్డ ఒక వానాకాలం దారి మార్చుకుని, రెండూళ్ళ మధ్యా ఒక ఒండ్రు దిబ్బని వదిలింది. నల్లటి నేల. మేం చోళ్ళు, అంటే రాగులు, చల్లితే వాళ్ళొచ్చి మళ్ళీ వాళ్ళ చోళ్ళు చల్లేరు. అప్పటికే భూములన్నీ ఫ్యాక్టరీకి తీసుకుంటారని కాగితాలు వచ్చేసేయి. ఏడాదిలోనో రెండేళ్ళలోనో రెండూళ్ళూ లేచిపోవాలి. ఆ దిబ్బ మాకూ మిగలదు, వాళ్ళకీ మిగలదు. అది తెలిసి కూడా తగువు ఆగలేదు. తెలిసింది కనకే ఆగలేదేమో. లేచిపోయే ముందు ఆఖరి పంట మాదనిపించుకోవాలి, అంతే పట్టుదల. ముందు వాళ్ళ గడ్డిమేటు కాలింది. ఎవరు కాల్చేరో మా ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. పదిరోజులకి మా ఎద్దు వెనక కాలు తెగింది.

ఆ ఎద్దు నాది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. పొద్దున్నే దాన్ని పెరట్లో అలా పడి ఉండగా చూసి, కోపం పట్టలేక ఇంట్లోకొచ్చి అరిచేను. "ఈ ఇంట్లో మగోడెవుడూ లేడేటి?" మా పెద్దోడు అన్నం ముందు కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళు. నా వైపు ఒక్కసారి చూసి, చెయ్యి కడిగేసుకుని, దూలంలో దోపిన కొడవలి తీసుకుని బయటికెళ్ళిపోయేడు. తిట్టింది నేను. ఆ ఒక్క మాటతో నా కొడుకుని నేనే కొలిమికి పంపించుకున్నాను.

మా పెద్దోడితో కలిపి మా ఊరి కుర్రాళ్ళు పదకొండు మంది. కొడవళ్ళు, కత్తులు, గునపాలు. మావ ముందు నేల మీద పోసి, సాగదీసి పొడుగు కర్రలకి బిగించమన్నారు. గుర్తులు తీసెయ్యమన్నారు. నేను పరిగెట్టుకుంటూ వెళ్ళేసరికి మావ చుట్ట కాలుస్తూ ఒక్కొక్క సామానూ తిప్పి చూస్తున్నాడు.

"మావా, సెయ్యనని సెప్పీ" అన్నాను. "నువ్వు కాదంటే ఆళ్ళే సల్లారిపోతారు."

"నాను కాదంటే గాజువాక పోతారు. అక్కడ వెల్డింగు సాపోడు గంటలో సేసిచ్చేస్తాడు. ఆడికి మీరెవులో తెలీదు, మెడ మీద ఏటుండాలో తెలీదు" అన్నాడు.

"అయితే సేస్తావా? ఆ గోడమీదవి సూస్తూ కూడా సేస్తావా?"

"సేస్తాను" అన్నాడు. నా మొహం చూడకుండానే. "ఎవుడి సామానుకి ఆడే తిత్తి ఊదాలి. అదొక్కటే షరతు."

ఆ మాటకి ఆయన మీద నాకు ఎంత కోపమొచ్చిందో! కొలిమి ముందే ఉమ్మేసి వచ్చేసేను. ఈ రోజు ఇన్ని మంచి మాటలు రాస్తున్న నేనే ఆ రోజు ఉమ్మేను.

తరవాత నాలుగు రోజులు సుత్తి చప్పుడే. మామూలుగా కర్రు కొట్టే చప్పుడు వేరు, మా చెవులకి తెలుసు. బరువుగా, ఆగి ఆగి పడుతుంది. ఇది సన్నగా, వరసగా, ఊపిరి తీసుకోకుండా. పిల్లలు వీధిలో ఆడటం మానేసేరు. మా పెద్దోడు మసి మొహంతో ఇంటికొచ్చి, తిని పడుకునేవాడు. అన్నిటికంటే భయం వేసినదేమిటంటే, నాలుగు సాయంత్రాలూ ఆ ఉత్త దెబ్బ వినబడలేదు. సుత్తి ఆగేది, పొద్దుపోయేక మళ్ళీ మొదలయ్యేది. మా ఆవిడ పొయ్యి ముందు అగ్గిపెట్టె పట్టుకుని చెవి రిక్కించి కూర్చునేది. "ఇంకా కొట్టలేదేటి?" అనేది. కొట్టలేదు. ఇనుముని పడుకోమని ఎవరూ చెప్పలేదు.

ఐదో పొద్దున సామాను మూటకట్టి పాక ముందు నేల మీద పెట్టి ఉంది. మావ లేడు. కుర్రాళ్ళు మూటెత్తుకుని గెడ్డకి బయల్దేరేరు. వెనకాలే నేనూ, ఇంకొంతమంది తండ్రులం. ఆపడానికని వెళ్ళేం గానీ, ఆపకుండా వాళ్ళ వెనకే నడిచేం.

గెడ్డలో మోకాలు లోతు నీళ్ళు. మధ్యలో దిబ్బ మీద చోళ్ళు ముదిరి ఎర్రగా ఉన్నాయి. ఒక్క పిట్ట అరవడం లేదు. అవతలి ఒడ్డున వాళ్ళు అప్పటికే నిలబడి ఉన్నారు. వాళ్ళ చేతుల్లోనూ పొడుగు కర్రలు, కొసలు ఎండకి మెరుస్తున్నాయి.

మావాళ్ళు మూట విప్పేరు. ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. తీసుకోగానే, నేను చెప్పేను కదా, వేలు దానంతటదే మెడ మీదికి పోయింది. గుర్తు తీసేసిన చోట నున్నగా తగలాలి. మా పెద్దోడి వేలు ఆగిపోయింది. వాడి మొహం మారింది.

"ఇది నాది కాదు" అన్నాడు.

"మరి నాదీ కాదు" అన్నాడు పక్కోడు. "ఇది తాత సొంతది. మూడు సుక్కలున్నాయి."

ఒకళ్ళది ఒకళ్ళు లాక్కుని తడమడం మొదలెట్టేరు. పదకొండూ అంతే. మూడు చుక్కలు, మూడు చుక్కలు, మూడు చుక్కలు. నేను తలెత్తి అవతలి ఒడ్డుకి చూసేను. నా కళ్ళని నేను నమ్మలేకపోయేను. అక్కడ వాళ్ళూ అదే పని. చంపడానికొచ్చిన మనుషులు, తలలు వంచి, కొడవలి మెడలు తడుముకుంటున్నారు.

అప్పుడు వచ్చేడు మావ. ఎగువ నుంచి, నీళ్ళలో నడుచుకుంటూ, పంచె ఎగ్గట్టి. సరిగ్గా మధ్యకొచ్చి నిలబడి చుట్ట వెలిగించేడు.

"ఏటి తాతా ఇది? గుర్తు తీసీమంటే నీ గుర్తు ఏసేవేటి?" అని మా పెద్దోడు అరిచేడు.

"మీ గుర్తులు తీసీమన్నారు, తీసీసేను. కానీ మీరెల్లేక నాది ఏసేను. ఉత్త మెడతో నా కొలిమిలోంచి సామాను బయటికి పోదు. మా తాత ఒకసారి పంపించేడు. సాలు."

అవతలి ఒడ్డు నుంచి ఒక కుర్రాడు, పొడుగాటోడు, నీళ్ళలోకి దిగేడు. "ఆళ్ళకీ నువ్వే సేసేవా ముసలోడా?"

"పగలు ఆళ్ళవి, రాత్రి మీవి. నాను కాక ఇంకెవుడు సేస్తాడురా? నీ బాబు నాగలెవుడు సేసేడు? నీ బొడ్డు కోసిన కత్తెవుడు సేసేడు?" చుట్ట తీసి నీళ్ళలోకి బూడిద దులిపేడు. "ఇనండి రెండూళ్ళోళ్ళూ. ఇయ్యాల ఇక్కడ ఎవుడు పడినా, పొడిసింది నానే. మెడ మీద రాసీసి ఉంది. ఒచ్చినోళ్ళకి అదే సూపిస్తాను, సింహాద్రప్పన్న సాచ్చిగా అదే సెప్తాను. మీకేటి బయం? కానీండి. బేగి కానీండి, నీళ్ళు సల్లగున్నాయి."

ఎవరూ నవ్వలేదు. ఆ పొడుగాటోడు ఇంకా ముందుకొచ్చేడు. మా పెద్దోడూ దిగేడు. ఆ ఇద్దరి మొనలకీ మధ్య మావ మెడ. నీళ్ళు పారుతున్న చప్పుడొక్కటే. ఎంతసేపో చెప్పలేను, ఇప్పటికీ ఒక్కోసారి పగలు కూర్చుని ఉన్నప్పుడు ఆ చప్పుడు వినబడుతుంది.

మావ చెయ్యి చాపి ఆ పొడుగాటోడి ఆయుధాన్ని మెడ దగ్గర పట్టుకున్నాడు. లాక్కోవడానికి కాదు. అటూ ఇటూ ఊపి చూసేడు. నుదురు చిట్లించేడు.

"పిడి ఒదులుగుందిరా" అన్నాడు. "వెదురు పచ్చిదిచ్చేవు. మజ్జేనం అట్టుకురా, పొన్ను బిగిస్తాను."

అలవాటైన మాట. ప్రతి కోతలకి ముందూ ప్రతి ఇంటికీ చెప్పే మాట. ఆ కుర్రాడు తెలియకుండానే "అలాగే తాతా" అనేసేడు! అనేసి, ఏమన్నానా అని బిత్తరపోయి చూసేడు. ఒడ్డు మీద ఎవరో ఫక్కుమన్నారు. ఈ ఒడ్డో ఆ ఒడ్డో తెలియదు. మా పెద్దోడు చేతిలోది నీళ్ళలోకి విసిరేసి, అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలాగ ఏడ్చేడు.

ఆ చోళ్ళు ఎవరూ కొయ్యలేదు. పిట్టలు తిన్నాయి.

అంతటితో అయిపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. మూడోరోజున పోలీసు జీపొచ్చింది. కబురు ఎవరిచ్చేరో తెలియదు. రెండూళ్ళోళ్ళూ మావ పాకలో తిరిగి పడేసిన సామానంతా బయట పోసి, ఎవరివని అడిగేరు. "మెడలు సూసుకోండి బాబూ, నావే" అన్నాడు మావ. మేం అందరం చుట్టూ నిలబడి ఉన్నాం. నా కొడుకు పేరు బయటికి రాకుండా ఒకడు తన పేరు ఇస్తుంటే, నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. ఆయన్ని తీసుకెళ్ళేరు. నాలుగు రోజులకి నడుచుకుంటూ వచ్చేడు. అక్కడ ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. గోడమీది పాత నాలుగూ కూడా పోయేయి. అవి ఉన్న చోట పొగపట్టని తెల్లటి చారలు నాలుగు మిగిలేయి. మనుషులు లేచిపోయేక ఊరిని పడగొట్టేరోజు వరకూ ఆ చారలు అలాగే ఉన్నాయి, మొనలతో సహా.

ఇంకొకటి కూడా పోయింది. కొలిమిలో నిప్పు. తాత నాటి నుంచీ బూడిద కింద దాచుకుంటూ వచ్చిన నిప్పు, కదిపేవాళ్ళు లేక ఆరిపోయింది. మావ తిన్నగా మా ఇంటికే వచ్చేడు. నేను ఉమ్మేసి వచ్చిన మనిషిని కదా, తలెత్తలేదు. ఆయన గుమ్మంలో నిలబడి మా ఆవిడతో, "అమ్మా, మీ పొయ్యిలోంచి ఓ నిప్పుముక్క ఎట్టు" అన్నాడు. మా ఆవిడ మూకుట్లో పెట్టి, చేతికివ్వకుండా, గుమ్మం ముందు నేల మీద పెట్టింది. ఆ సాయంత్రం టంగుమని ఉత్త దెబ్బ వినబడింది. ఊరంతా బయటికొచ్చి నిలబడి విన్నాం.

తరవాత రెండూళ్ళూ లేచిపోయేయి. విచిత్రం చూడండి, మాకూ వాళ్ళకీ ఒకే కాలనీలో స్థలాలొచ్చేయి. మావ మాత్రం గోపాలపట్నంలో కూతురింటికి పోయి, రోడ్డు వార చిన్న కొలిమి పెట్టుకున్నాడు. ఉలులు, మడతబందులు, గేటు కొక్కేలు. అప్పన్న దర్శనానికి సింహాచలం వెళ్ళినప్పుడల్లా తిరుగుదారిలో ఆయన దగ్గర ఆగేవాణ్ణి. ఒకసారి గోనె కింద నుంచి ఒక ఇనుము తీసి నా ముందు నేల మీద పెట్టేడు. మా పెద్దోడు గెడ్డలో విసిరేసినది. ఆ జీపుకి దొరకని ఒకే ఒక్కటి. వెతికి తీసి దాచేడట.

"ఇదెందుకు మావా? సముద్రంలో పారీ" అన్నాను.

"పారేస్తే ఎవుడికో దొరుకుద్ది. మళ్ళీ కొడవలి సేద్దామని సూత్తన్నాను" అన్నాడు. "సాగదియ్యడం ఒక పూట పని. ఎనక్కి ఒంచడమే... తొందరపడితే పుటుక్కుమంటాది. ఏడాదికి ఇంత ఒంచుతన్నాను." బొటనవేలి గోరు చూపించేడు.

ప్రతిసారీ అడిగేవాణ్ణి. ప్రతిసారీ కొంచెం వంగి ఉండేది. ఆయన కూడా అలాగే కొంచెం కొంచెం వంగుతూ వచ్చేడు. ఇద్దరి పని ఒక్కసారే పూర్తవుతుందేమోనని నాకు లోపల్లోపల భయంగా ఉండేది. మా కోడలికి నెలలు నిండుతున్నాయని చెప్పినరోజున మాత్రం ఆ ముసలి మొహం వెలిగిపోయింది. "అయితే ఇంక బేగి కానివ్వాలి" అన్నాడు.

అదీ ఆ మూటలో ఉన్నది. గోనెపట్టా విప్పితే కొడవలి. వంపు తిరిగిన, నిజం కొడవలి. వంపు నడిమధ్యన వెంట్రుకంత చీలిక. మావ అల్లుడు గేటు అవతల నుంచే చెప్పేడు: "కోతకి పనికిరాదన్నాడు. దెబ్బేస్తే ఇరుగుద్దట. పాప పక్కన ఎట్టడానికి పనికొస్తాదన్నాడు. పోయేముందు మంచంకోడు మీద ఏలితో ఒక్కసారి కొట్టేడు బావా. టక్కుమని. అంతే."

పసిబిడ్డ పక్కన ఇనుము పెట్టడం మాకు ఉన్నదే. కానీ చావింటి నుంచి వచ్చిన ఇనుము, అందులోనూ ఇది! మా అక్క అడ్డం పడింది. "మైల సామాను. అది ఎందుకు సేసిందో తెలీదేటి నీకు? పసిగుడ్డు దగ్గిరికి తెస్తావా?" పాట ఆగిపోయింది. ఆవిడ అన్నది తప్పని నేను అనలేను. నేనూ దాన్ని పట్టుకుని గడప దాటకుండానే నిలబడి ఉన్నాను.

మా కోడలు లేచి వచ్చింది. అది గెడ్డ అవతలి ఊరి పిల్ల. ఆ రోజు నీళ్ళలో ఎదురుగా నిలబడిన పొడుగాటోడికి సొంత చెల్లెలు. అతను కూడా ఆ గదిలోనే, మా పెద్దోడి పక్కనే ఉన్నాడు, మేనమామ హోదాలో, వెండి మొలతాడు తెచ్చి.

"ఆ తాత లేకపోతే నాకు అన్నా లేడు, ఈ గుంటకి అయ్యా లేడు" అంది. "తెండి మావా లోపలికి. నేల మీద ఎట్టండి, నాను తీసుకుంటాను."

నేల మీద పెట్టేను. మా కోడలు వంగి తీసుకుంది. తీసుకోగానే దాని వేలు మెడ మీదికి పోయింది. నేను చూస్తూనే ఉన్నాను. ఒక క్షణం ఆగి, నా వైపు తిరిగి, నా చెయ్యి పట్టుకుని నా వేలు అక్కడ పెట్టింది. మూడు చుక్కలు అలాగే ఉన్నాయి. మావ తన గుర్తు తియ్యలేదు. మా ఇంటి గుర్తు మళ్ళీ వెయ్యలేదు. ఇంకా ఆయన పేరు మీదే ఉంది అది.

చూడండి, నా అంత అదృష్టవంతుడు ఈ కాలనీలో లేడు. కొడుకున్నాడు, ఫ్యాక్టరీలో ఇనుము పనే చేస్తున్నాడు. మనవరాలు ఉయ్యాల్లో ఉంది, నా వేలు పట్టుకుంటే వదలదు. ఇదంతా ఒక ముసలి కమ్మరి తన మెడ అడ్డం పెట్టి ఇచ్చినది. ఆ కాళ్ళకి బతికుండగా దణ్ణం పెట్టలేదు నేను. ఈ రాత చదివే మీ అందరి ముందూ పెడుతున్నాను.

కొడవలిని ఉయ్యాల తలవైపు కట్టేం, తాడుతో, బిడ్డకి అందకుండా. సాయంత్రం దీపం పెట్టేక చుట్టాలు ఒక్కొక్కరే వెళ్ళిపోయేరు. నేను గోడకానుకుని కూర్చుని ఉయ్యాల ఊపుతున్నాను. ఉయ్యాల ఊగినప్పుడల్లా తాడు మెలితిరిగి కొడవలి నెమ్మదిగా తిరుగుతోంది. ఎదరగోడ మీద దాని నీడ. వంపు కనబడే వైపు తిరిగితే కొడవలి. ఇంకాస్త తిరిగితే వంపు సన్నబడి, సన్నబడి, నిటారుగా బల్లెం. మళ్ళీ కొడవలి. నేను ఉయ్యాల ఆపేను. తాడు మెలి విడిపోతూ అది ఇంకా తిరుగుతూనే ఉంది. ఏ వైపుకి ఆగుతుందోనని, బిడ్డ మీద చెయ్యి వేసి, చూస్తూ కూర్చున్నాను.